డాబా మీద తెల్ల పూత: విజయవాడలో రెండు వేసవుల అనుభవం

సత్యనారాయణపురంలో మా ఇల్లు ఇరవై ఆరేళ్ళ కిందట కట్టిన రెండంతస్తుల డాబా. పై అంతస్తులో మా అత్తయ్య గారు ఉంటారు. ఆవిడకు ఎనభై రెండేళ్ళు. ఏసీ గాలికి కీళ్ళు పట్టేస్తాయని ఎంత ఎండాకాలమైనా ఫ్యాను కిందనే పడుకుంటారు. 2023 మే నెలలో ఒక రాత్రి పదకొండు గంటలకు ఆవిడ మంచం మీద లేచి కూర్చుని, "అమ్మాయ్, పైన ఎవరో పొయ్యి రాజేసినట్టుందే" అన్నారు. నేను స్టూలు ఎక్కి శ్లాబుకు అరచెయ్యి ఆనించి చూశాను. పొద్దు గుంకి నాలుగు గంటలు దాటినా, అప్పుడే గంజి వార్చిన గిన్నెలా ఉంది ఆ కప్పు. ఆ మరుసటి ఏడు, 2024 మార్చిలో, డాబా మొత్తానికి కూల్ రూఫ్ పెయింట్ వేయించాము. రెండు వేసవులు, రెండు వానాకాలాలు చూసిన తర్వాత ఆ పెయింట్ గురించి రాస్తున్నాను. బ్రాండు పేరు చెప్పడం లేదు. ఈ తరహా తెల్ల పూతలన్నింటి సూత్రమూ ఒకటే కాబట్టి, ఈ వస్తువు మన కృష్ణా తీరపు ఎండకు తగినదా కాదా అన్నదే నేను పరిశీలించిన విషయం. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను; ఇందులో ఉన్న కొలతలు ల్యాబ్ నుంచి తెచ్చిన ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో నేను స్వయంగా తీసుకున్నవి, అన్నీ సెల్సియస్ డిగ్రీలు.

పెయింట్ కంటే ముందు మేము కూలర్ కొని పొరపాటు చేశాము. మా ఆడపడుచు నాగపూర్‌లో ఉంటుంది. "వదినా, మా ఇంట్లో కూలర్ వేస్తే మధ్యాహ్నం దుప్పటి కప్పుకుంటాం" అని ఆమె చెప్పిన మాట నిజమే. అయితే అది నాగపూర్‌కు నిజం. కూలర్ చేసే పనల్లా నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరికి కావలసిన వేడిని గాలిలోంచి లాక్కోవడం. గాలి 40 డిగ్రీల వేడిగా, ఇరవై శాతం తేమతో ఉన్న చోట మంచి కూలర్ ఆ గాలిని 26 డిగ్రీల దాకా దించగలదు. మన దగ్గర 38 డిగ్రీల వేడికి యాభై శాతం తేమ తోడైనప్పుడు అదే కూలర్ 31 దగ్గర ఆగిపోతుంది. పైగా గదిలోకి మరింత తేమను నింపుతుంది. రెండు రోజులు వాడేసరికి అత్తయ్య గారి పరుపు చెమ్మగిల్లింది, ఆవిడకు ఉక్కపోత పెరిగింది. చెమట పడుతుంది కానీ ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు.

ఇక్కడ ఒక మాట వివరంగా చెప్పాలి. భూమి వేడెక్కుతోందని వింటున్నప్పుడు అన్ని ఊళ్ళలోనూ ఒకే విధంగా వేడెక్కుతోందని అనుకుంటాము. అది సరికాదు. 19వ శతాబ్దపు రెండో సగంతో పోలిస్తే 2024లో భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు ఒకటిన్నర డిగ్రీ ఎక్కువగా నమోదైంది. ఆ ఒకటిన్నర డిగ్రీ ఎడారి అంచున పొడి మంటగా, కొండల్లో కరిగే హిమానీనదాలుగా, బంగాళాఖాతం పక్కనున్న మన డెల్టాలో ఉక్కపోతగా వేర్వేరు రూపాల్లో వస్తుంది. మన వాతావరణ శాఖ కూడా వడగాలులను గుర్తించడానికి మైదానాల్లో 40, తీర ప్రాంతాల్లో 37, కొండ ప్రాంతాల్లో 30 డిగ్రీలను కనీస హద్దుగా పెట్టుకోవడంలో ఈ తేడా కనిపిస్తుంది. 2015 మేలో వచ్చిన వడగాలులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారన్నది మనలో ఎవరూ మరచిపోకూడని విషయం. కనుక ఎండకు విరుగుడుగా అమ్మే ఏ వస్తువునైనా "ఇది ఎక్కడి ఎండ కోసం తయారైంది?" అని అడిగి కొనాలి. కూలర్ విషయంలో నేను అడగలేదు.

తెల్ల పూత విషయంలో అడిగాను. ఈ పెయింట్‌లో ఉండవలసిన గుణాలు రెండు. మీద పడిన ఎండలో ఎక్కువ భాగాన్ని అప్పటికప్పుడే వెనక్కి పంపేయాలి; లోపలికి వెళ్ళిన కొద్దిపాటి వేడిని కూడా తొందరగా బయటికి వదిలేయాలి. ఎండలో దాదాపు సగం శక్తి మన కంటికి కనబడని పరారుణ కిరణాల్లో ఉంటుంది కాబట్టి, కంటికి తెల్లగా కనిపించే ప్రతి రంగూ ఈ పని చెయ్యదు. డబ్బా మీద ఈ రెండు గుణాలనూ కలిపి చెప్పే "సోలార్ రిఫ్లెక్టెన్స్ ఇండెక్స్" అని ఒక అంకె ఉంటుంది. అది వందకు దగ్గరగా గానీ, వంద దాటి గానీ ఉంటే మంచిది. ఆ అంకె రాయని డబ్బాను కొనకండి.

ఇదే సూత్రాన్ని ప్రకృతి చాలా పెద్ద ఎత్తున వాడుకుంటోంది, మనం దాన్ని పాడు చేస్తున్నాము. ఆర్కిటిక్ సముద్రం మీది మంచు తన మీద పడిన ఎండలో సగానికి పైగా వెనక్కి పంపుతుంది. తాజా హిమం కప్పి ఉంటే తొంభై శాతం దాకా పంపుతుంది. ఆ మంచు కరిగి బయటపడే నల్లని నీరు వెనక్కి పంపేది ఆరు శాతమే, మిగతాది తాగేస్తుంది. తాగిన వేడికి పక్కనున్న మంచు కరుగుతుంది, మరింత నల్లనీరు బయటపడుతుంది. ఆర్కిటిక్ ప్రాంతం మిగతా భూగోళం కంటే మూడు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కడానికి ఉన్న ముఖ్య కారణాల్లో ఇదొకటి. మంచు మీద పిల్లలను కనే సీల్ జంతువులు, వాటిని వేటాడే ధ్రువపు ఎలుగుబంట్లు, ఆ మంచు మీదుగానే ప్రయాణించి బతికే ఇన్యూట్ ప్రజలు తమ కాళ్ళ కింద పోగొట్టుకుంటున్న ఆ తెల్లదనాన్నే నేను తొమ్మిది వందల చదరపు అడుగుల మేర నా ఇంటి మీద వేయించుకున్నాను. పాఠంలో ఈ సంగతిని ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను గానీ, డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడి చూసే వరకు అది నా పాదాలకు తెలియలేదు.

పని జరిగిన తీరు చెబుతాను. మేస్త్రీ గారు, ఆయన మేనల్లుడు ఇద్దరూ తెల్లవారుజామున ఐదున్నరకు వచ్చి, తొమ్మిదిన్నరకు దిగిపోయేవారు. మొదటి రోజంతా పాచిని వైర్ బ్రష్‌తో గీకి, నీళ్ళతో కడిగి, పగుళ్ళు పూడ్చడానికే సరిపోయింది. తర్వాత ప్రైమరు, ఆ పైన రెండు కోటింగులు, ఒకదానికొకటి అడ్డంగా. దుకాణంలో తొమ్మిది వందల అడుగులకు మూడు బకెట్లు కావాలని చెప్పి అరవై లీటర్లు అంటగట్టారు. నలభై ఎనిమిది లీటర్లతో పని పూర్తయింది. మూత తీసిన బకెట్ వెనక్కి తీసుకోలేమన్నారు. రెండు కోటింగులకు లీటరుకు పద్దెనిమిది, పందొమ్మిది అడుగులు వస్తుందని లెక్క వేసుకోండి, మూడో బకెట్‌ను అవసరమైతేనే తెచ్చుకోండి. పెయింటు, ప్రైమరు, కూలి అన్నీ కలిపి మాకు ఇరవై రెండు వేలు దాటింది. ఇది చిన్న ఖర్చు కాదు.

రెండో రోజు ఉదయం సగం డాబాకు మాత్రమే మొదటి కోటింగు పడింది. అది నాకు దొరికిన మంచి అవకాశం. ఆ మధ్యాహ్నం రెండు గంటలకు, గాలి 36 డిగ్రీలున్నప్పుడు, పూత లేని సగం 58, పూత ఉన్న సగం 39 చూపించాయి. మధ్యలో గీత మీద నిలబడితే ఒక పాదం కాలుతోంది, ఇంకో పాదం హాయిగా ఉంది. మే నెలలో బయట 42 డిగ్రీలున్న రోజున మా డాబా 46, పక్కింటి వారి అనుమతితో కొలిచిన వారి నల్లబడిన డాబా 64. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది రాత్రి తొమ్మిది గంటలకు గది లోపలి నుంచి కొలిచిన కప్పు ఉష్ణోగ్రత: 2023 మేలో 41, 2024 మేలో 36న్నర. గదిలో గాలి మాత్రం రెండు నుంచి మూడు డిగ్రీలే తగ్గింది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉన్న "10 డిగ్రీల చల్లదనం" డాబా ఉపరితలానికి సంబంధించిన మాట. దాన్ని గదిలో చల్లదనంగా అనుకుని కొంటే నిరాశే. కంపెనీలు ఈ తేడాను స్పష్టంగా రాయకపోవడం నాకు అన్యాయంగా అనిపించింది. అయినా ఆ రెండు మూడు డిగ్రీల విలువ ఎంతో ఎనభై ఏళ్ళు దాటిన మనిషి నిద్రను చూసి చెప్పగలను. కప్పు నుంచి తల మీదికి కొట్టే సెగ పోవడమే సగం ఉపశమనం. ఆ వేసవిలో అత్తయ్య గారు రాత్రిపూట లేచి వరండాలోకి రాలేదు.

పక్క గదిలో మా అబ్బాయికి ఏసీ ఉంది. పై అంతస్తు మీటరు మీద ఏప్రిల్, మే నెలలు కలిపి 2023 కంటే 2024లో నూట ముప్పై యూనిట్లు తగ్గాయి. 2024 ఎండలు ఎక్కువైనా తగ్గాయి కాబట్టి ఆ తగ్గుదలను నమ్ముతున్నాను. 2025 లెక్కను మాత్రం పెయింట్ ఖాతాలో వెయ్యను, ఎందుకంటే ఆ ఏడు రుతుపవనాలు మే 24కే కేరళను తాకాయి, మే నెలాఖరు చల్లబడింది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో బొగ్గు కాల్చి తీసిన కరెంటుతో గది చల్లబరచుకుని, గదిలోని వేడిని వీధిలోకి వదిలి, ఆ బొగ్గు పొగతో మరుసటి వేసవిని ఇంకాస్త వేడి చేసుకునే చక్రంలోంచి నూట ముప్పై యూనిట్లంత పక్కకు జరిగామన్నది నాకు బిల్లు తగ్గడం కంటే ఎక్కువ తృప్తినిచ్చింది.

ఈ పూతకు మన ఊళ్ళో ఒక పరిమితి ఉంది. రాత్రిపూట డాబా తన వేడిని ఆకాశంలోకి వదులుతుంది. అనంతపురం వంటి పొడి ప్రాంతంలో ఆ వేడి సులువుగా పైకి పోతుంది కాబట్టి అక్కడ తెల్లవారేసరికి కప్పు బాగా చల్లబడుతుంది. మన దగ్గర గాలిలోని నీటి ఆవిరి ఆ వేడిని అడ్డుకుని కొంత వెనక్కి పంపుతుంది. అందుకే మబ్బు పట్టి ఉక్క పోసే రాత్రుల్లో మా డాబా కూడా ఆశించినంత చల్లబడలేదు. పడమటి గోడకు కొట్టే ఎండను ఈ పెయింట్ ఏమీ చెయ్యలేదు. ఆ గోడకు వట్టివేళ్ళ తడక కట్టవలసి వచ్చింది. కింది అంతస్తులో ఉన్న మాకు తేడా తెలియనే లేదు. ఐదంతస్తుల అపార్టుమెంటులో రెండో అంతస్తులో ఉండేవారు దీనికి చందా ఇవ్వమంటే గొణగడం సహజమే కానీ, పై అంతస్తు వాళ్ళు ఇన్నాళ్ళూ అందరి ఎండనూ తామే మోస్తున్నారని గుర్తుంచుకోవాలి.

ఇంటి పనుల్లో వచ్చిన మార్పు ఒకటుంది. మాగాయ ముక్కలు ఇదివరకు రెండు ఎండలకు గలగలలాడేవి; కింద శ్లాబు కాలుతూ ఉండేది కాబట్టి చాప అడుగు నుంచి కూడా ఎండేవి. ఇప్పుడు మూడో ఎండ పెట్టవలసి వస్తోంది. ఎదురు అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉండే పిన్ని గారు మా డాబా వెలుగు వాళ్ళ కళ్ళల్లో పడుతోందని చెప్పారు. ఆవిడ మాట న్యాయమైనదే. అటు వైపు పిట్టగోడ వెంట గ్రీన్ నెట్ కట్టించాము.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానను ఈ ఊరివారు ఎవరూ మరచిపోరు. బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు పోయింది, బ్యారేజీ చరిత్రలో అంత వరద ముందెన్నడూ లేదు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే అది మోయగల నీటి ఆవిరి సుమారు ఏడు శాతం పెరుగుతుంది. ఏదో ఒక వానను చూపించి ఇది భూతాపం వల్లనే వచ్చిందని ఒక్క మాటలో తేల్చలేము. కట్టలు తెగడానికీ, వాగు దారిలో ఇళ్ళు లేవడానికీ మన బాధ్యత మనది. కానీ వేడెక్కిన గాలి కురిస్తే కుండపోతగా కురుస్తుందన్న భౌతిక సూత్రంలో అనుమానం లేదు. సింగ్ నగర్ నుంచి మా బంధువుల కుటుంబం ఎనిమిది రోజులు మా పై అంతస్తులో తలదాచుకుంది. ఆ వానకు కప్పు ఒక్క చోట కూడా చెమ్మ పట్టలేదు. వాటర్ ప్రూఫింగ్ విషయంలో ఈ పెయింట్‌కు పూర్తి మార్కులు వేస్తాను.

ఆ వానల తర్వాత రెండు లోపాలు బయటపడ్డాయి. నీళ్ళ ట్యాంకు నిండి పొర్లే చోట నాలుగడుగుల మేర పూత పొరలుగా లేచింది. ఐదేళ్ళ వారంటీ కాగితం పట్టుకుని ఫోన్ చేస్తే, ఒక అబ్బాయి వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్ళాడు. ఆ తర్వాత మూడు సార్లు ఫోన్ చేసినా ఎవరూ రాలేదు. నిలవ నీటికి వారంటీ వర్తించదని కాగితం వెనక చిన్న అక్షరాలతో ఉందని నేనే తర్వాత చదువుకున్నాను. రెండవది దుమ్ము, పాచి. 2025 మార్చిలో 36 డిగ్రీల రోజున కొలిస్తే 39 ఉండవలసిన డాబా 45 చూపించింది. కుంకుడు రసం కలిపిన నీళ్ళతో, మెత్తని చీపురుతో కడిగితే 41కి దిగింది. తేమ ఎక్కువున్న మన ప్రాంతంలో పాచి తొందరగా పడుతుంది కాబట్టి, ఏటా శివరాత్రి వేళకు ఒకసారి కడగడం తప్పనిసరి. ఈ సంగతి డబ్బా మీద ఎక్కడా లేదు.

మిగిలిన పన్నెండు లీటర్ల సంగతి చెప్పాలి. మేస్త్రీ గారి ఇల్లు కొండ మీద ఉంది. రెండు గదులు, పైన సిమెంటు రేకులు. "మేడమ్ గారూ, మిగిలింది పారేసేదైతే నాకు ఇప్పించండి" అని అడిగారు. సిమెంటు రేకులను పొడిగా గీకితే వచ్చే ఆస్‌బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం కాబట్టి, నీళ్ళు పోసి తడిపి, మెత్తటి గుడ్డతోనే తుడవమని మాత్రం గట్టిగా చెప్పాను. ఏప్రిల్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం నేను థర్మామీటరు తీసుకుని నూట పది మెట్లు ఎక్కి వెళ్ళాను. పూత వెయ్యని పక్కింటి రేకు లోపలి వైపు 53 డిగ్రీలు, వీరి రేకు లోపలి వైపు 41. శ్లాబులా వేడిని ఆపుకునే మందం రేకుకు లేదు, పడిన ఎండ పడినట్టే కిందికి దిగుతుంది. కాబట్టి ఈ పూత వల్ల అసలైన మేలు రేకుల ఇంటికే. మేస్త్రీ గారి భార్య ఆ వేసవిలోనే మొదటిసారి మధ్యాహ్నం పూట ఇంట్లో కూర్చుని కుట్టు మిషను తొక్కగలిగానని చెప్పారు; అంతకు ముందు పన్నెండు దాటితే చంటిపిల్లను తీసుకుని కింద వేపచెట్టు దగ్గరికి దిగేవారట. ఆ కొండలకు ఎండ ఒక్కటే కష్టం కాదు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురం సున్నపుబట్టీల సెంటర్ దగ్గర కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఆ చోటు పేరులోనే సున్నం ఉంది; ఏటా ఉగాదికి ముందు గోడలకూ డాబాలకూ సున్నం కొట్టించుకునే అలవాటు మన పెద్దలకు ఉండేది. గుల్లసున్నం కూడా ఎండను బాగానే వెనక్కి పంపుతుంది, ఖర్చు పదో వంతు. ఒక వానాకాలానికే కొట్టుకుపోతుందన్నదే దాని లోపం. ఇరవై రెండు వేలు పెట్టలేనివారు బంక కలిపిన సున్నాన్ని ఏటా రెండు చేతులు వేయించుకోమని మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

ప్రభుత్వాలు ఈ పని చెయ్యగలవనడానికి దగ్గరి ఉదాహరణ తెలంగాణ. 2023 ఏప్రిల్‌లో అక్కడ కూల్ రూఫ్ విధానం తెచ్చి, 2028 నాటికి మూడు వందల చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచాలని లక్ష్యం పెట్టుకున్నారు. అహ్మదాబాద్‌లో 2010 మేలో 46.8 డిగ్రీల ఎండకు వందలాది మంది చనిపోయిన తర్వాత, 2013లో దేశంలోనే మొదటి వడగాలుల కార్యాచరణ ప్రణాళిక తయారైంది. ఆ తర్వాత మురికివాడల కప్పులకు సున్నం పూయడం కూడా అందులో భాగమైంది. మన కొండల మీది రేకుల ఇళ్ళకు ఇటువంటిది రావాలని కోరుకుంటున్నాను.

అలాగని ఈ పెయింట్‌ను అందరికీ సిఫారసు చెయ్యను. లంబసింగిలోనో అరకులోనో ఇల్లున్నవారికి డిసెంబరు రాత్రుల్లో కప్పు దాచిపెట్టే వేడి కావాలి, వారు కొనవద్దు. లడఖ్‌లో ఇళ్ళను సూర్యుడి వైపు తిప్పి కట్టుకుని, పగటి ఎండను గోడల్లో దాచుకుంటారు. అక్కడి కష్టం వేరు: హిమానీనదాలు తగ్గిపోయి విత్తనాల వేళకు వాగుల్లో నీళ్ళుండవు. అందుకని అక్కడి ఇంజినీరు సోనమ్ వాంగ్‌చుక్ బృందం చలికాలపు వాగు నీటిని చిమ్మించి, శంకువు ఆకారంలో గడ్డకట్టించే మంచు స్తూపాలను మొదలుపెట్టింది. ఆ ఆకారంలో ఎండ తగిలే ఉపరితలం తక్కువ కాబట్టి మంచు ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఇక మన కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి వైపు ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళకు పుట్టేది మగదో ఆడదో ఇసుక వేడిమి నిర్ణయిస్తుంది. ఇసుక వేడెక్కే కొద్దీ ఆడపిల్లలే పుడతాయి. ఆస్ట్రేలియా ఈశాన్య తీరపు పచ్చ తాబేళ్ళలో చిన్న వయసువి దాదాపు అన్నీ ఆడవేనని 2018లో పరిశోధకులు ప్రకటించారు. డబ్బాలో దొరికే విరుగుడు ఆ ఇసుకకు లేదు.

బందరు రోడ్డు మీద బండి లాగేవారికీ, మిర్చి యార్డులో టిక్కీలు మోసేవారికీ కూడా లేదు. మా మేస్త్రీ గారికే లేదు. "తెల్ల రంగు మీద నిలబడితే పై ఎండ ఒకటి, కింది ఎండ ఒకటి మేడమ్ గారూ, మొహం ఉడికిపోతుంది" అన్నారు ఆయన. ఏప్రిల్, మే నెలల్లో డాబా పనులు ఒప్పుకోవడం మానేశానని, ఆ రెండు నెలలూ కూలి పోతుందని చెప్పారు. డాబా ఉన్నవారూ, పై అంతస్తులో పెద్దవారు ఉన్నవారూ, ముఖ్యంగా రేకుల ఇళ్ళవారూ విజయవాడలోనైనా గుంటూరులోనైనా ఈ పూత వేయించుకోవచ్చు. వేయించేవారు ఎండలు ముదిరాక కాకుండా సంక్రాంతి దాటగానే మొదలుపెట్టండి. ట్యాంకు దగ్గర లేచిన నాలుగడుగుల పూత పనికి మా మేస్త్రీ గారిని మాఘమాసంలో రమ్మని చెప్పి, బయానా ఇప్పుడే ఇచ్చాను.